ఫోటోలో బాపు లేడు



సంక్రాంతి సెలవుల్లో మేము కుటుంబంగా మెదక్ వెళ్లి వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. సింగూరు డ్యామ్ దగ్గర తీసుకున్న ఫోటోను ఆ రోజు మధ్యాహ్నమే మన సంఘం గ్రూపులో పెట్టాను. యాభై మందికి పైగా దీవెనలు రాశారు. ఇస్నాపూర్ వైపు నుంచి ఆరాధనకు వచ్చే ఒక చెల్లెలు మాత్రం, "తాతయ్య ఏరి అయ్యగారూ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను ఇంతవరకు జవాబు రాయలేదు. ఆదివారం ప్రసంగంలో చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు డ్రైవరుతో కలిపి మేము పన్నెండుమందిమి. నేను, మా ఇంటామె, మా ఇద్దరు పిల్లలు, మా చెల్లె, బావ, వాళ్ల ముగ్గురు పిల్లలు, మా అత్తమ్మ, మా బాపు. బావ కారు ఒకటి, మన సంఘంలోని ఒక సహోదరుడు ఇచ్చిన తుఫాను బండి ఒకటి. బయలుదేరేముందు మా బావ వేళ్ల మీద లెక్కపెట్టి, "సరిగ్గ పన్నెండు మందిమున్నం అయ్యగారూ, మనలో యూదా ఎవ్వలో పొద్దుమీకి తెలుస్తది" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఈ ప్రయాణం అసలు బాపు కోసం పెట్టుకున్నది. ఆయనకు గ్లకోమా. కంటిలో ఒత్తిడి పెరిగి, వెనక ఉన్న నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. పక్కలు ముందు మసకబారతాయి, నడుమ మాత్రం కనిపిస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబడడానికే చుక్కలు అని డాక్టరమ్మ చెప్పింది. మీలో నలభై దాటినవాళ్లు ఒక్కసారి కంటి ఒత్తిడి చూపించుకోండి. నొప్పి ఉండదు, అందుకే మనకు తెలియదు. మా బాపుకు తెలిసేసరికి ఎడమ కన్ను చాలావరకు పోయింది. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో మూడు షిఫ్టులు చేసిన మనిషి. నైట్ డ్యూటీ నుంచి సైకిల్ మీద వస్తూ రెండుసార్లు గుంటలో పడితే, నిద్ర మత్తు అనుకున్నాం.

ఆసుపత్రి నుంచి 219 బస్సులో పటాన్‌చెరు వస్తుండగా బాపు కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "మెదక్ గుడిల అద్దాలు ఒక్కపారి చూస్తే మంచిగుండు రా."

ఆయన చిన్నప్పుడు మా తాత ఎడ్లబండి కట్టుకొని ప్రతి క్రిస్మస్‌కు మెదక్ తీసుకుపోయేవాడట. మూడు రోజుల దారి అని బాపు అంటాడు, రెండని మా పెద్దత్త అనేది. ఆ గుడి సంగతి మీకు తెలిసిందే. పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించాడు. కరువు కాలంలో వేలమంది ఆ పని మీదనే గంజి తాగారని మన పెద్దలు చెప్పుకుంటారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. లోపల మూడు దిక్కులా పెద్ద పెద్ద రంగుటద్దాల కిటికీలు: ఆరోహణం, జననం, సిలువ. మూడూ ఒక్కసారి వచ్చినవి కావు. మొదటిది 1927లో, రెండోది 1947లో, సిలువ కిటికీ 1958లో. ఆ మూడోది వచ్చేనాటికి బాపుకు పదేళ్లు. "రెండు చూసిన కండ్లకు మూడోది కూడ కొత్తది కొత్తగనే చూపిచ్చిండు మా నాయిన" అంటాడు.

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. 2024 డిసెంబరులో ఆ గుడికి నూరేళ్లు నిండినప్పుడు నేను మెదక్ వెళ్లాను. తోటి సేవకులతో కలిసి బస్సులో వెళ్లాను. బాపు కూడా వస్తానన్నాడు. సీట్లు లేవన్నాను. బస్సులో సీట్లు ఉన్నాయి. ముసలాయనను పట్టుకొని ఆ జనంలో తిరగడం నాకు కష్టమని అలా అన్నాను. తిరిగి వచ్చాక ఫోన్లో ఫోటోలు చూపిస్తే, ఆయన కుడి కంటికి దగ్గరగా పెట్టుకొని చూసి, "అద్దాలు దీంట్ల పడలేదు" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

సరే, ప్రయాణం సంగతికి వస్తాను.

ఏడింటికి బయలుదేరాలని అనుకున్నాం. ఆ రోజు శుక్రవారం. ఉపవాస ప్రార్థన మానలేక పొద్దున్నే పెట్టుకున్నాను. ఎనిమిదింటికి ముగిద్దామనుకుంటే సాక్ష్యాలు తొమ్మిదిదాకా నడిచాయి. నేను ఇంటికి వచ్చేసరికి బాపు తెల్ల ధోతి, ఇస్త్రీ అంగీ వేసుకొని తుఫాను బండి మెట్టు మీద కూర్చున్నాడు. ఏడింటి నుంచీ అక్కడే ఉన్నాడని మా అమ్మాయి చెప్పింది. తొమ్మిదిన్నరకు కదిలాం.

పటాన్‌చెరు నుంచి మెదక్‌కు సూటి దారి నర్సాపూర్ మీదుగా. రెండు గంటల్లో చేరిపోవచ్చు. కాని నేను బండ్లను సంగారెడ్డి వైపు తిప్పించాను. ఎందుకంటే కొండాపూర్ మ్యూజియం. క్రిస్మస్ ప్రసంగంలో నేను చెప్పింది మీకు గుర్తుండే ఉంటుంది. సంగారెడ్డి పక్కన ఆ కొండాపూర్ దిబ్బను నిజాం కాలంలో 1940-42 మధ్య తవ్వితే శాతవాహనుల ఊరు బయటపడింది. నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు కుప్పలుగా దొరికాయి. వాటిలో రోమా చక్రవర్తి ఔగుస్తు బంగారు నాణెం కూడా ఒకటి. లూకా సువార్తలో లోకమంతా జనసంఖ్య రాయించమని ఆజ్ఞ ఇచ్చిన ఆ కైసరు ఔగుస్తే. ఆయన లెక్కల కోసమే నిండు గర్భిణి మరియ బేత్లెహేముకు నడవవలసి వచ్చింది. ఆయన ముఖం ఉన్న బంగారు బిళ్ల మన మంజీర ఒడ్డు దేశంలో మట్టిలో దొరికిందంటే, ఆ రోజు మీరందరూ ఎంత నిశ్శబ్దంగా విన్నారో నాకు తెలుసు. పిల్లలకు ఆ చోటు చూపించాలని నా ఆశ. ఇంకొంచెం నిజం చెప్పాలంటే, అక్కడ నిలబడి ఒక వీడియో తీసుకోవాలని.

పదకొండింటికి వెళ్లాం. గేటు వేసి ఉంది. పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. అక్కడ బోర్డు మీద స్పష్టంగా రాసి ఉంది, ఫోన్లో చూసినా అర నిమిషంలో తెలిసేది. ఔగుస్తు గురించి ముప్పావు గంట చెప్పినవాడిని, గేటు ఏ రోజు తీస్తారో చూసుకోలేదు. మా మేనల్లుడు గేటు సందులోంచి తల పెట్టి, "మామా, గడ్డి మంచిగ పెంచిండ్రు" అన్నాడు.

బాపు బండి దిగలేదు. కారు ముందు సీట్లోంచే అడిగాడు, "ఇటెనుక మెదక్ పోదమా?"

సంగారెడ్డికి తిరిగి వచ్చి నాందేడ్ హైవే ఎక్కాం. ఊళ్లో పాత జైలు కనిపించగానే పిల్లలు ఆగమని గోల. అది 1796లో కట్టిన జైలు. ఖైదీలను తరలించాక మ్యూజియం చేశారు. 500 రూపాయలు కట్టి ఒకరోజు ఖైదీగా ఉండొచ్చని 2016లో పేపర్లన్నీ రాశాయి. "ఐదువందలెందుకు, నేను తుఫాను బండ్ల ఊకెనే ఉన్న" అని మా ఇంటామె అంది. ఆగలేదు.

కాని అక్కడి నుంచి పది కిలోమీటర్లు వెళ్లామో లేదో ఫోను మోగింది. మనకు తెలిసిన ఒక విశ్వాసి. "దారిలనే ఉన్నరట గద అయ్యగారూ, కొత్త ట్రాక్టరు తెచ్చినం, ఐదు నిమిషాలు ప్రార్థన చేసి పోండ్రి." కాదనడం నాకు రాదు. సేవకుడికి అది గుణమో, జబ్బో నాకు ఇప్పటికీ తెలియదు. పిలిస్తే వెళ్లడమే పరిచర్య అని నేర్చుకున్నాను. ఇంట్లో వాళ్లు పిలిస్తే అది పిలుపులాగా వినిపించదు. ఐదు నిమిషాల ప్రార్థన, తర్వాత టీ, తర్వాత వాళ్ల అత్తగారి మోకాళ్ల కోసం ఇంకో ప్రార్థన, తర్వాత సకినాలు. గంట గడిచింది. బాపు కారులోనే కూర్చున్నాడు. చూసి రమ్మని మా చెల్లె పిల్లవాడిని పంపితే, "తాత కండ్లు మూసుకున్నడు, పన్నడో ప్రార్థన చేస్తున్నడో" అని వచ్చి చెప్పాడు.

సింగూరు దగ్గర అన్నం తిందామన్నాం. నేను ముందు బండిలో ఉన్నాను, బావ కారు వెనక వస్తోంది. బావకు మనిషి మాట కంటే ఫోన్లో మ్యాపు మీద విశ్వాసం ఎక్కువ. ఆ మ్యాపు ఆయనను ఒక కాలువ కట్ట మీదికి ఎక్కించింది. ముందుకు పోతే తోవ లేదు, తిప్పుదామంటే వెడల్పు లేదు. అర కిలోమీటరు రివర్సులో రావలసి వచ్చింది. వెనక చక్రం బురదలో దిగితే, అక్కడ వరినాట్లు వేస్తున్న అమ్మలు నలుగురు ఒడ్డెక్కి వచ్చి తోశారు. వాళ్ల కాళ్లకు బురద, మా బావ తెల్లంగికి బురద. ముప్పావు గంట.

సింగూరు నీళ్లు చూస్తే మాత్రం అందరి మనసూ చల్లబడింది. దాదాపు 30 టీఎంసీల నీళ్లు పట్టే ప్రాజెక్టు. హైదరాబాదు తాగే నీళ్లలో ఇవీ ఉన్నాయని చెబితే పిల్లలు నమ్మలేదు. చెట్టు కింద చద్దర్లు పరిచి డబ్బాలు విప్పుతుంటే కోతులు వచ్చాయి. పులిహోర గిన్నెను మూతతో సహా ఒకటి ఎత్తుకుపోయింది. మా అత్తమ్మ చెప్పు విసిరితే ఆ చెప్పునూ ఇంకొకటి పట్టుకుపోయింది. జొన్నరొట్టెలు, కోడికూర మిగిలాయి. అప్పుడు తీసిందే మీరు చూసిన ఫోటో. తీసింది డ్రైవరు తమ్ముడు. మిగిలినవాళ్లం పదకొండుమందిమి ఉండాలి. మీరు లెక్కపెడితే పదిమందే ఉంటారు. ఎండ కళ్లకు గుచ్చుతోందని బాపు కాస్త దూరంగా ఇంకో చెట్టు నీడలో కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. నేను ఫోటో గ్రూపులో పెట్టేటప్పుడు కూడా, కింద "కుటుంబమంతా" అని రాశాను.

మూడున్నరకు హైవే మీద టీ కోసం ఆగాం. ఇక్కడి నుంచి జాగ్రత్తగా చెబుతాను, ఎందుకంటే ఈ భాగం గురించి ఊళ్లో రెండు మూడు రకాలుగా చెప్పుకుంటున్నారని విన్నాను.

పొద్దుటి నుంచి బాపు బావ కారులో కూర్చున్నాడు. టీ దగ్గర కాళ్లు పట్టేశాయన్నాడు. నేను బావతో, "ఇప్పటి నుంచి బాపు మా బండ్ల కూసుంటడు, కాళ్లు చాపుకుంటడు" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. తర్వాత ఫోను వచ్చింది, మాట్లాడుతూ పక్కకు వెళ్లాను. బాపు మా చెల్లె దగ్గర చుక్కల సీసా తీసుకొని, హోటల్ వెనక ఉన్న బెంచి మీద పడుకున్నాడు. చుక్క వేసుకున్నాక ఐదు నిమిషాలు కళ్లు మూసుకొని కదలకుండా ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. ఆయన అలాంటివి తు.చ. తప్పకుండా పాటిస్తాడు. నేను ఫోను ముగించి బండి ఎక్కి చూస్తే బాపు లేడు. ఆయన సంచి కారులోనే ఉంది కాబట్టి అందులోనే కూర్చున్నాడనుకున్నాను. బావ చూస్తే ముందు సీటు ఖాళీ. నేను చెప్పినట్టే మా బండి ఎక్కాడనుకున్నాడు. అత్తమ్మను ముందుకు కూర్చోబెట్టాడు. రెండు బండ్లూ కదిలాయి.

పన్నెండేళ్ల యేసు యెరూషలేములో ఉండిపోయిన సంగతి మీకు తెలుసు. యోసేపు, మరియ తమ గుంపులో ఎక్కడో ఉన్నాడనుకొని ఒక రోజు దారి నడిచారు. ఆ భాగం మీద నేను ఎన్నోసార్లు మాట్లాడాను. కన్న బిడ్డ ఉన్నాడో లేడో చూసుకోకుండా ఒక రోజంతా ఎలా నడిచారు, ఇది ఆత్మీయ నిర్లక్ష్యం కాదా అని గట్టిగానే అన్నాను. ఇక ఆ మాట అనను. ఇద్దరికీ ప్రేమ ఉంది. ఇద్దరికీ ఎదుటివాళ్ల మీద నమ్మకమూ ఉంది. ఆ నమ్మకంలోనే పిల్లవాడు తప్పిపోయాడు. ఆ రాత్రి భార్యాభర్తల మధ్య ఏం మాటలు నడిచాయో లూకా రాయలేదు. మా మధ్య నడిచినవి నేనూ రాయను.

జోగిపేట దాటి మెదక్ దగ్గరపడుతుండగా, దాదాపు ఐదింటికి, పిల్లలు కేకలు పెట్టారు. చెట్ల పైనుంచి గుడి శిఖరం కనిపించింది. సాయంత్రపు ఎండ సరిగ్గా దాని మీదనే పడుతోంది. రాయి పసుపు పచ్చగా మెరుస్తోంది. బండ్లు ఆపించి నేను పరుగున కారు దగ్గరికి వెళ్లాను. బాపును చెయ్యి పట్టి దింపి, నేనే చూపించాలని. రోజంతా చేసిన ఆలస్యం అంతా ఆ ఒక్క నిమిషంతో కొట్టుకుపోతుందని నా లెక్క. ముందు తలుపు తీశాను. అత్తమ్మ ఉంది, ఒక్క చెప్పుతో.

"బాపేడి?"

"నీ బండ్ల లేడా?" అన్నాడు బావ.

ఫోను చేస్తే వెనక సీట్లో సంచిలో మోగింది.

కారును పిల్లలతో ముందుకు పొమ్మన్నాను. వెలుతురు ఉండగా వాళ్లయినా చూస్తారని. తుఫాను తిప్పుకొని నేను, డ్రైవరు తమ్ముడు వెనక్కి వచ్చాం. నలభై కిలోమీటర్లు. ఆ దారిలో నేను ప్రార్థన చేశానని చెప్పాలని ఉంది. చేయలేదు. లారీలు లెక్కపెట్టాను. ఆయనకు పక్కలు కనిపించవు, రోడ్డు దాటడానికి పూనుకుంటే లారీ మీదికి వచ్చేదాకా తెలియదు. ఎదురుగా వచ్చే ప్రతి లారీ ఆ హోటల్ ముందు నుంచే వచ్చింది కదా అనుకున్నాను.

ఐదు ముప్పావు అయింది చేరేసరికి. బాపు బెంచి మీద కూర్చొని ఉన్నాడు. హోటల్ నడిపే అమ్మ ఆయన పక్కనే కూర్చొని ఉల్లిగడ్డలు తరుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ముసలాయననిట్ల ఇడిచి పోతరా సారూ? కండ్లు కనిపిచ్చని మనిషి. ఒక్కపారి రోడ్డు మీదికి నడిచిండు, నేనే చెయ్యి పట్టుకొని తీస్కచ్చిన. అప్పటి సంది పని ఇడిచిపెట్టి ఈనెకాన్నే కూసున్న." ఇంకా ఏదో అనబోయి, మళ్లీ అంది: "ఈనేమో ఒక్కటే మాట. నా కొడుకు పాస్టరు, నూరు గొర్రెలల్ల ఒక్కటి తప్పిపోతే ఎతుక్కుంటొచ్చిన కత మస్తు చెప్తడు, వస్తడు, ఏడికి పోతడు అని."

నేను డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. బాపు తాగిన రెండు టీలకు కూడా తీసుకోలేదు.

బాపు నా గొంతు వినగానే అడిగిన మొదటి మాట, "పొద్దింకెంతుంది రా?"

పడమర ఎర్రగా ఉంది. ఉంది బాపూ, పోదాం అన్నాను. జనవరిలో ఆరింటికి సూర్యుడు కుంకుతాడు. మెదక్ యాభై నిమిషాల దారి. నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. అయినా ఇద్దరం బండి ఎక్కాం.

వెనక సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను. ఆ రోజు ఆయన పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. మొదటి అరగంట భయం కాలేదట. తర్వాత ఎండ తగ్గుతుంటే రోడ్డు కనిపించడం మానేసిందట, చప్పుడే వినిపించిందట. "ఫోన్ నంబరు యాదికి రాలే. పదిట్ల ఏడు యాదికున్నయి" అన్నాడు. తర్వాత కాసేపు ఊరుకొని, వాళ్ల నాయిన ఎడ్లబండి కింద గడ్డి పరిచి పడుకోబెట్టేవాడని, ఆ చలిలో గుడి గంట వినిపించేదని చెప్పాడు. నాకు ఆ సంగతులు తెలుసనుకున్నాను. సగం తెలియదు.

ఆరున్నర దాటాక చేరాం. గుడి తలుపు ఇంకా తీసే ఉంది, లోపల దీపాలు వెలుగుతున్నాయి. చెప్పులు విడిచి, బాపు చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయాను. కింద బండ మంచులాగా ఉంది. రెండు వందల అడుగుల పొడవు ఆ గుడి. నడుమ దాకా నడిచి బాపు ఆగాడు. తల ఎత్తి బలిపీఠం వెనక్కి చూశాడు. కుడికి తిరిగాడు. ఎడమకు తిరిగాడు. మళ్లీ ముందుకు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమీ లేదేందిరా? మొత్తానికే పోయినయా నా కండ్లు?"

రంగుటద్దాలకు వాటి వెలుతురు అంటూ ఉండదు. బయట ఎండ పడితేనే లోపల ఉన్నవాళ్లకు బొమ్మ కనిపిస్తుంది. పొద్దు కుంకిందంటే ఎన్ని దీపాలు వెలిగించినా లోపలి నుంచి చూస్తే అవి నల్ల పలకలే. ఇదంతా ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కాని ఆ నిమిషంలో ఆయనకు చీకటి బయట ఉందో, లోపల ఉందో తెలియలేదు. ఇంటి నుంచి తెల్ల ధోతి కట్టుకొని ఏడింటికి మెట్టు మీద కూర్చున్న మనిషి. నాకు మాట పెగల్లేదు. ప్రసంగ వేదిక మీద పదిహేడేళ్లుగా ఆగని నోరు.

మా చెల్లె చిన్న కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, బెంచీల మధ్య నుంచి వచ్చి ఆయన రెండో చెయ్యి పట్టుకుంది.

"నీ కండ్లు పోలే తాతా. మాకు గూడ ఇప్పుడు కనిపిస్తలెవ్వు. ఇందాక కనిపిచ్చినయి."

బాపు ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆ బెంచీ మీదనే కూర్చున్నాడు. "ఏం చూసినవో చెప్పు" అన్నాడు.

పిల్ల చెప్పింది. యేసయ్య పైకి పోతున్నాడని, కింద అందరూ తలలెత్తి చూస్తున్నారని. నీలం రంగు ఉందని, ఎండ పడి ఆ నీలం కింద బండ మీద కూడా పడిందని, అందులో కాలు పెడితే తన కాలు నీలం అయిందని.

"ఎర్రది?" అన్నాడు బాపు. "ఎర్రది గూడ పడతది. సిలువ తలకాయికెల్లి. నువ్వు చూసినప్పుడు పొద్దేడుంది?"

పిల్లకు తెలియదు. బాపు నల్లటి కిటికీ వైపు వేలు పెట్టి, ఎక్కడ ఏముందో తనకు తెలిసినట్టు చెప్పసాగాడు. కొన్ని చోట్ల పిల్ల "కాదు తాతా, గట్ల లేదు" అంది. ఆయన ఒప్పుకోలేదు. అరవై ఏళ్ల కిందట చూసిన మనిషి, గంట కిందట చూసిన పిల్ల, ఇద్దరూ చీకటి అద్దం కింద కూర్చొని వాదులాడుకున్నారు. మిగిలిన పిల్లలు కూడా చుట్టూ చేరారు. నేను దూరంగా స్తంభం దగ్గర నిలబడ్డాను. ఎవరిది నిజమో చెప్పడానికి నాకు కుదరలేదు. శతాబ్ది పండుగకు వచ్చినప్పుడు అద్దాల ముందు నిలబడి నేను ఫోటోలు దిగాను, అద్దాలు చూడలేదు.

తిరుగు దారి నర్సాపూర్ మీదుగా. అడవిలో టైరు పంక్చరైంది, స్టెప్నీలో గాలి లేదు. అది వేరే కథ. ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. ఇంటికి వచ్చాక ప్రార్థన చేసి పడుకోవడం మా అలవాటు. ఆ రాత్రి నేను చేయలేనన్నాను. బాపు చేశాడు. హోటల్ అమ్మ పేరు చెప్పి, ఆమె ఉల్లిగడ్డల బేరం కోసం, ఆమె ఇద్దరు కొడుకుల కోసం ప్రార్థించాడు. ఆ గంటన్నరలో ఆమె ఇంటి సంగతులన్నీ కనుక్కున్నాడన్న మాట. తర్వాత వరినాట్ల అమ్మల కోసం, ట్రాక్టరు కోసం. నా పేరు చివర్న వచ్చింది. "నా కొడుక్కు తీరిక దయచెయ్యి ప్రభువా" అన్నాడు, అంతే.

ఇస్నాపూర్ చెల్లెమ్మా, తాతయ్య ఎక్కడున్నాడో ఇదీ జవాబు.

ఇక ఒక ప్రకటన. వచ్చే శుక్రవారం ఉపవాస ప్రార్థనకు నేను ఉండను. పెద్దలు నడిపిస్తారు. నేనూ బాపూ, మేమిద్దరమే, తెల్లవారే మొదటి బస్సుకు మెదక్ వెళ్తున్నాం. సాయంత్రం దాకా నా ఫోను మా ఇంటామె దగ్గర ఉంటుంది. ట్రాక్టర్లు, గృహప్రవేశాలు ఏమైనా ఉంటే శనివారం చూద్దాం.

నిన్న రాత్రి ఈ మాట చెబితే బాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, "నడుమల మ్యూజియం ఏం లేదు గద?"